చెరువులకి రాత్రి కరెంటు: కొత్త సబ్‌స్టేషన్ కోసం ఆగాలా, సోలార్, బ్యాటరీలతో సర్దుకోవచ్చా?

ఉండి_రైతు:
మా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి వచ్చే కరెంటు లైను) మీద రొయ్యల చెరువులు బాగా పెరిగిపోయాయి. అర్ధరాత్రి దాటితే వోల్టేజీ పడిపోతోంది, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు కాలిపోయి రివైండింగ్‌కి వెళ్తున్నాయి. కొత్త 33/11 కేవీ సబ్‌స్టేషన్ వస్తే తప్ప లాభం లేదని కొందరంటున్నారు. స్థలం దొరికి, లైను లాగేసరికి ఏళ్లు పడుతుంది, ఈలోగా ఎవరి చెరువు మీద వాళ్లు సోలార్ పెట్టుకోవడం మేలని ఇంకొందరు. చేసినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పాలకొల్లు_సోలార్:
అన్నా, నేను ప్యానెళ్లు బిగించే పనిలోనే ఉన్నాను, అయినా ఈ మాట చెప్పాలి. మీకు కరెంటు తప్పనిసరిగా కావాల్సింది తెల్లవారుజామున, నీళ్లలో డీఓ (కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోయే టైంలో. ఒట్టి ప్యానెళ్లు పెడితే ఆ టైంలో ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఒక్క కిలోవాట్ కూడా తగ్గదు. పైగా కరెంటు లైనుకి కలిపి నడిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైను పోగానే ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా పెట్టారు. కాబట్టి లైను లేకపోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాల్సిందే.

లెక్క చూడండి. 2 హెచ్‌పీ ఏరేటర్లు పది అంటే దాదాపు 15 కిలోవాట్లు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా తిప్పితే 60 యూనిట్లు. కిలోవాట్ ప్యానెల్‌కి రోజుకి నాలుగు యూనిట్లు వేసుకుంటే, 15 కిలోవాట్ల ప్యానెళ్లు ఆ బ్యాటరీ నింపడానికే చాలీచాలకుండా ఉంటాయి. ముసురు పడితే అదీ రాదు, జనరేటర్ తీసెయ్యకండి.

భీమవరం_ఐస్:
మాది ఐస్ ఫ్యాక్టరీ. షెడ్డు మీద సోలార్ వేశాక గడ్డలు కట్టే పని వీలైనంత పగటికి మార్చేశాం. పొద్దుగూకేసరికి ట్యాంకులో ఐస్ రెడీగా ఉంటుంది, రాత్రి కంప్రెసర్ లోడ్ బాగా తగ్గింది. బ్యాటరీ కొనలేదు, మాకు ఐసే బ్యాటరీ. చెరువులకి నీళ్లు తోడే మోటార్లు కూడా పగలే వేసుకుంటే రాత్రి లైను ఏరేటర్లకి మిగులుతుంది కదండీ.

రిటైర్డ్_ఏఈ:
ఐస్ గారు చెప్పిందే అసలు దారి. ఫీడర్ ఇరవై నాలుగ్గంటలూ నిండి ఉండదు. లోడ్ నిండే నాలుగైదు గంటల కోసమే సబ్‌స్టేషన్ కట్టాల్సి వస్తుంది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్, క్వీన్స్ వైపు ఇదే సమస్య వస్తే, అక్కడి కాన్ ఎడిసన్ కంపెనీ 120 కోట్ల డాలర్ల సబ్‌స్టేషన్‌ని వాయిదా వేయడానికి 2014లో 20 కోట్ల డాలర్ల పథకానికి అనుమతి తెచ్చుకుంది. ఆ డబ్బుతో లైట్లు మార్పించారు, బ్యాటరీలు పెట్టారు, జనం చేత వాడకం తగ్గించారు. ఖర్చు కంపెనీయే పెట్టింది, అది గమనించండి. ఇక్కడ సబ్సిడీ మీద యూనిట్ రూపాయిన్నరకే అందుతున్న ఆక్వా రైతుని సొంత డబ్బుతో బ్యాటరీ కొనమంటే ఎందుకు కొంటాడు? సబ్‌స్టేషన్ ఖర్చు మిగిలేది డిస్కంకి (కరెంటు సరఫరా కంపెనీకి). పెట్టుబడి కూడా అటునుంచే రావాలి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉమ్మడిగా ఒక బ్యాటరీ పెడితే ఇంకా చవక.

అమలాపురం_కొబ్బరి:
ఆయ్, మా కోనసీమ సంగతి కూడా కలుపుకోండి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు తీగల మీద పడి ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. కొత్త లైను వేసినా అది ఆ చెట్ల మధ్య నుంచే రావాలి. మంచినీళ్ల ట్యాంకు మోటారుకి, ఆసుపత్రికి ఊళ్లోనే బ్యాటరీ ఉంటే తీగలు లేచేదాకా ఆగక్కర్లేదు. ప్యానెళ్లు మాత్రం గట్టిగా బిగించాలి, తుపాను గాలికి రేకులే ఎగిరిపోతాయి.

ఉండి_రైతు:
అందరికీ దండాలు. ఏఈ గారూ, డిస్కంని ముందు ఏం అడగాలి?

రిటైర్డ్_ఏఈ:
మీ ఫీడర్ గంటగంటకీ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో రాస్తారు. గడిచిన వేసవి నెలల రీడింగులు కావాలని అర్జీ పెట్టండి. లోడ్ నాలుగ్గంటలకి మించి నిండకపోతే బ్యాటరీ గురించి గట్టిగా అడగొచ్చు. రాత్రంతా నిండి ఉంటే మాత్రం సబ్‌స్టేషనే అడగండి బాబూ, మొహమాటపడొద్దు.