తుఫాను కబురు రాగానే శ్రీశైలం జలాశయం ఖాళీ చేయాలా, వద్దా?

పాతబస్తీ మిద్దె (కర్నూలు)
2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. టీవీలో అంతా కోనసీమ, కాకినాడ, బందరే. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోకుండా ఫోన్లో శ్రీశైలం నీటిమట్టం చూస్తా కూర్చున్నా. 2009 అక్టోబరు 2న మమ్మల్ని ముంచింది సముద్రం కాదు. వాన సీమలోనూ ఉత్తర కర్ణాటకలోనూ కుమ్మరిస్తే తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినాయి. కింద శ్రీశైలం అప్పటికే నిండుకుండ. నేను అడిగేది ఒకటే. వాతావరణ శాఖ నాలుగైదు రోజుల ముందే చెప్తోంది కదా, ఆ కబురు రాగానే శ్రీశైలాన్ని నిండు మట్టం 885 అడుగుల నుంచి 854కి దించితే తప్పేంది?

బనకచర్ల దిగువ (నంద్యాల జిల్లా)
తప్పేందా? 854 కిందికి పోతే పోతిరెడ్డిపాడుకు, అదే సీమ కాలువలకు నీళ్ళు తీసుకునే తూముకు, నీళ్ళు సరిగ్గా ఎక్కవు. ఆ 854 కోసం సీమ ఎన్నేళ్ళుగా కొట్లాడుతుందో తెలుసా అన్నా? 1996లో జీవో 69తో కనీస మట్టాన్ని 834కు దించినారు. అప్పటి నుంచి కరెంటు పేరుతో, కింది ప్రాజెక్టుల పేరుతో మా నీళ్ళు పోతానే ఉన్నాయి. ఇప్పుడు తుఫాను పేరు కూడా తోడైతే మా కాలువలో కప్పలు కూడా మిగలవు.

అనంత పల్లె
మాకు హంద్రీ-నీవా కాలువ నీళ్ళు అక్కడి నుంచే రావాలి. మీరు వదిలెయ్యమని మాట్లాడుతుంటే భయమేస్తోంది.

పాతబస్తీ మిద్దె
854 కిందికి అనలేదు, 854 అన్నా. సరిగ్గా చదవండి.

బనకచర్ల దిగువ
చదివినా. 854 దగ్గర పోతిరెడ్డిపాడు తూములోంచి కాలువలోకి కొద్దిపాటి నీళ్ళే పోతాయి. విస్తరించి 44 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) చేసినామని చెప్పుకుంటున్నది 880 పైన ఉంటేనే. ఇంకో సంగతి. అక్టోబరులో వదిలిన నీళ్ళు మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు? మళ్ళీ జూలై దాకా పైనుంచి చుక్క రాదు. 2023లో డ్యాం నిండనే లేదు. రెండెకరాల మిరప కాయ పట్టినాక కాలువ ఆగిపాయె. ట్యాంకరుతో తోలినా, ఒక్కో చెట్టుకు చెంబుతో పోసినా. ఆకులు ముడుచుకుని, కాయలు తెల్లగా తాలు తేలినాయి. మార్కెట్లో ఆ తాలుకాయను ఎవరూ చేత్తో కూడా ముట్టుకోలేదు. మీది ఒకసారి మునక. మాది ప్రతి మూడో ఏడు ఎండ.

లెక్కల పంతులు
ఇద్దరూ ఒక లెక్క చూడండి. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2009లో శ్రీశైలానికి వచ్చిన వరద తారస్థాయిలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అది రోజంతా వస్తే 216 టీఎంసీలు. కట్టినప్పుడు 308 పట్టే జలాశయం పూడిక పోను ఇప్పుడు పట్టేది 215 చిల్లర. అంటే అడుగంటా ఖాళీగా పెట్టినా ఒక్క రోజులో నిండేది. ఆ డ్యాంను లెక్క గట్టిందే 19 లక్షలకు. ఆ రోజు మట్టం 896 అడుగులు దాటింది. కట్ట నిలబడిందని దండం పెట్టుకోవాలి.

పాతబస్తీ మిద్దె
పంతులుగారూ, వచ్చేది లెక్కపెట్టినారు, పోయేది వదిలేసినారు. 25 లక్షలు వస్తా గేట్ల నుంచి 14 లక్షలు పోతుంటే నిలిచేది 11 లక్షలు, రోజుకు 95 టీఎంసీలు. 854 దగ్గర నిల్వ సుమారు 90. అంటే పైన 125 టీఎంసీల జాగా. ఒకటింబావు రోజు పైనే సరిపోయేది. మాకు కావాల్సింది ఆ ఒకటింబావు రోజే!

లెక్కల పంతులు
గేట్ల అడుగు 830 అడుగుల దగ్గర ఉంది. 885లో ఉంటే గేటు మీద 55 అడుగుల నీళ్ళు, 854లో ఉంటే 24 అడుగులే. అప్పుడు 14 లక్షలు ఎట్లా పోతాయి? మూడో వంతు కూడా పోవు. మట్టం దించిన కొద్దీ బయటికి పోయేదీ తగ్గుతుంది. ఈ మాట ఎవరూ చెప్పరు.

హంద్రీ గట్టు
అసలు శ్రీశైలం వెనక నీళ్ళు కర్నూలు దాకా ఎగదన్నినాయా లేదా? అది తేలకుండా ఈ గొడవంతా ఎందుకు?

పాతబస్తీ మిద్దె
ఎగదన్నినాయి.

లెక్కల పంతులు
ముందు ముంచింది తుంగభద్ర. సుంకేసుల దగ్గర గట్టు తెగింది, మంత్రాలయం మునిగింది. ఆ రెండూ కర్నూలుకు ఎగువన ఉండేటివే. శ్రీశైలం నీళ్ళు మంత్రాలయం దాకా పోవు కదా? వెనక నీళ్ళ వల్ల కర్నూలులో వరద తీయడం ఆలస్యమై ఉండొచ్చు. వచ్చింది మాత్రం పైనుంచే.

పాతబస్తీ మిద్దె
మంత్రాలయం సంగతి నేను ఎత్తలేదు. మా వీధి సంగతి చెప్తా వినండి. నీళ్ళు పెరిగింది ఒక ఎత్తు, నిలబడిపోయింది ఒక ఎత్తు. మిద్దె ఎక్కినాం, మా అమ్మ, నేను, పక్కింటి వాళ్ళ ముగ్గురు పిల్లలు. కింద వంటింట్లో ఖాళీ బిందె తేలి దూలానికి కొట్టుకుంటా టంగు, టంగు అని రాత్రంతా చప్పుడు. అది ఆగిందంటే నీళ్ళు దూలం దాటినాయని అర్థం. తెల్లారుజామున ఆగింది. తీసిపోయినాక ఇంట్లో మోకాలు లోతు ఒండ్రు. కుట్టుమిషను, నా డిగ్రీ కాయితాలు, మా నాయన ఫొటో, అన్నీ అందులోనే. ఆ తర్వాత నష్టం రాసుకోను వచ్చిన మనిషి గోడలు నిలబడి ఉన్నాయని 'పాక్షికం' అని రాసి పోయినాడు. నా బతుకు పాక్షికమంట.

కొత్తపేట
అయ్యో అన్నా. మాదీ అదే కథ. మేము కొండారెడ్డి బురుజు పక్క మేడ మీద ఉన్నాం ఆ రెండు రోజులు.

కృష్ణలంక (విజయవాడ)
క్షమించండి, మధ్యలో వస్తున్నా. మీరు 885 నుంచి 854కి దించాలంటే 125 టీఎంసీలు వదలాలి. రోజంతా 5 లక్షల క్యూసెక్కుల చొప్పున వదిలినా మూడు రోజులు. ఆ మూడు రోజులూ మా నెత్తిన తుఫాను వాన ఉంటుంది. మున్నేరు, బుడమేరు పొంగి ఉంటాయి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షలు వచ్చాయి, మా ఊరి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. 2009లోనూ శ్రీశైలం, సాగర్ ఆపగలిగినంత ఆపబట్టే ఆ 25 లక్షలు మా దగ్గరకు 11 లక్షలై వచ్చాయి. ముందే వదిలెయ్యమనడం మీకు తేలికే. దిగువన మేము కూడా మనుషులమే కదండీ.

పాతబస్తీ మిద్దె
అదీ! ఇప్పుడు బయటపడింది. ఆపినారు అంటున్నారే, యాడ ఆపినారు? మా ఇండ్లల్లో ఆపినారు. మీ ఊరు తేలాలని మా ఊరు మునగాలా?

కృష్ణలంక
నేనలా అనలేదండీ.

పాతబస్తీ మిద్దె
అన్నా అనకపోయినా జరిగింది అదే.

బనకచర్ల దిగువ
కోస్తావాళ్ళతో మీకు తగాదా ఉంటే వాళ్ళతో పడండి. నా నీళ్ళు ఎందుకు వదిలిస్తావు?

పాతబస్తీ మిద్దె
నీ నీళ్ళా? నదికి పట్టా ఉందా నీ పేరున? మనుషులు చస్తుంటే మిరపకాయల లెక్క చెప్తావు. నువ్వు ఒక్క రాత్రి మిద్దె మీద కూర్చోని ఉంటే ఈ మాట అనవు.

బనకచర్ల దిగువ
పట్టా ఉండె. నందికొట్కూరు పక్క మా తాతకు పదకొండెకరాల పట్టా ఉండె, ఊరు ఉండె, ఊర్లో రాములవారి గుడి ఉండె. శ్రీశైలం నింపినప్పుడు, 1981లో, కర్నూలు, పాలమూరు కలిపి నూరు దాకా ఊర్లు ఎత్తేసినారు. నాకు ఆరేళ్ళు. మా అవ్వ గడప చెక్క పెరికి ఎద్దులబండిలో వేసుకొని వచ్చింది, ఈ రోజుకీ అది మా ఇంటి గడపే. వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు మేము పోతాం. మా ఊరి బావి ఒర కనపడుతుంది, కుండపెంకులు కాళ్ళకు తగులుతాయి. నువ్వు మట్టం అంటున్నావే, ఆ నీళ్ళ అడుగున ఉండేది మా ఊరు. మీకు నీళ్ళు రెండు రోజుల్లో తీసినాయి. మాకు నలభై నాలుగేండ్లయింది. అంత ఇచ్చినందుకు మాకు దక్కిందేందంటే ఆ కాలువలో నాలుగు తడులు. అవి కూడా వదిలెయ్యమంటే నేను ఎట్లా ఒప్పుకుంటా చెప్పు?

హంద్రీ గట్టు
ఇద్దరూ కొంచెం తగ్గండి.

పాతబస్తీ మిద్దె
నువ్వు నిర్వాసితుడివని తెలియదు. ఆ పట్టా మాట అని ఉండకూడదు, వెనక్కి తీసుకుంటున్నా.
కానీ నా భయం కూడా విను. ఆ రోజు మాకు ఎవురూ చెప్పలేదు. పైన ఎంత వస్తుందో తెలిసినోళ్ళు ఉన్నారు, చెప్పేటోళ్ళు లేరు. వీధిలో మైకు తిరిగి ఉంటే మా అమ్మను ముందే తీసుకపోయి ఉంటా. ఎనభై దాటిన మనిషి, ఇప్పటికీ నాలుగు చినుకులు పడితే గోడ మీద ఆ ఒండ్రు గీత వైపే చూస్తుంది.

బనకచర్ల దిగువ
మైకు కావాలంటే నేనూ నీతో వచ్చి అడుగుతా అన్నా. సైరన్లు పెట్టమందాం, తుంగభద్ర పైన కొలతలు ఎప్పటికప్పుడు ఊరికి తెలిసేటట్టు చేయమందాం. గేట్లు ఎత్తమని మాత్రం అడగలేను.

కృష్ణలంక
సైరన్లయితే మాకూ కావాలండి. 2024లో మాకూ ఎవరూ చెప్పలేదు.

పాతబస్తీ మిద్దె
సైరను మోగితే మనుషులు బతుకుతారు. ఇల్లు? అంగడి? కుట్టుమిషను? ఈ ఏడు జూలైలోనే శ్రీశైలం గేట్లు ఎత్తినారంటే డ్యాం అప్పటికే నిండింది. పూర్తి మట్టం కంటే అయిదడుగులు, పదడుగులు తక్కువ పెట్టుకోవడానికి కూడా ఎవరికీ మనసు రాదా? 854 వద్దులే. 875 అంటా. నువ్వు చెప్పు.

బనకచర్ల దిగువ
880 అయితే ఆలోచిస్తా.

లెక్కల పంతులు
అయిదడుగులకు వచ్చే జాగా ఎంతో ఇద్దరికీ తెలుసా?

పాతబస్తీ మిద్దె
మీరు చెప్పొద్దండీ ఈసారి. ఆయన్ను మాట్లాడనీండి. 880 అంటే ఏ నెల వరకు?