ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ లేవదు, మార్చకపోతే లినక్స్‌కి ఎస్‌ఎస్‌డీ కనపడదు

ప్రశ్న:
లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, పక్కనే ఉబుంటు (ఒక లినక్స్) వేసుకుందామని కూర్చున్నా. మొదటి గంట ఫర్మ్‌వేర్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్ తెరిచే ఎఫ్2 కీతోనే సరిపోయింది. నొక్కేలోపే విండోస్ వచ్చేస్తోంది. చివరికి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మీదుగా ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి దూరాను. బూట్ వరసలో పెన్‌డ్రైవ్‌ని పైకి జరిపితే ఉబుంటు చక్కగా లేచింది. తీరా ఇన్‌స్టాల్ దగ్గరికొస్తే డిస్కుల జాబితాలో పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఊసే లేదు.

ఫర్మ్‌వేర్‌లో స్టోరేజ్ మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) 'రెయిడ్'లో ఉంటే ఇలాగే అవుతుందని ఎక్కడో చదివి, ఏహెచ్‌సీఐ అనే ఇంకో మోడ్‌కి మార్చాను. అంతే, విండోస్ నీలం తెర వేసేసింది: 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్'. ఆఫీసు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. పోయినట్టేనా? మామూలు టెన్షన్ కాదు.

జవాబు 1:
ఏమీ పోలేదండి. మళ్లీ రెయిడ్‌కే మార్చండి, విండోస్ లేస్తుంది. అది మొదటినుంచీ రెయిడ్ డ్రైవర్ (డిస్కుని నడిపే సాఫ్ట్‌వేర్)తో బూట్ అవుతోంది. ఏహెచ్‌సీఐ మోడ్‌కి కావలసిన డ్రైవర్ ఉన్నా మొదట్లోనే లోడ్ చేసుకోదు. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవాటితోనే విండోస్ లేచే మోడ్) ఒక్కసారి లేస్తే ఆ పేచీ తీరిపోతుంది.

విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టండి. సేఫ్ మోడ్ వచ్చాక టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఈ సెట్టింగ్ 'వీఎండీ' పేరుతో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి.

జవాబు 2:
లెగసీ మోడ్ (పాత బూట్ పద్ధతి) ఆన్ చేసి చూడండి, నా పాత లాప్‌టాప్‌లో అలాగే పనిచేసింది.

జవాబు 1:
వద్దండీ! ఈయన విండోస్ జీపీటీ (కొత్త తరహా విభజన) డిస్కు మీద యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి)లో వేసింది. లెగసీకి మారిస్తే ఉన్నది కూడా బూట్ కాదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే రక్షణ) కూడా కదపక్కర్లేదు, ఉబుంటు దానితోనే లేస్తుంది.

జవాబు 3:
ఒక్క నిమిషం ఆగండి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉందా? మనం పెట్టకపోయినా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండొచ్చు. ఫర్మ్‌వేర్‌లో చెయ్యి పెడితే రికవరీ కీ అడగొచ్చు. సస్పెండ్ చేసినా ఒక రీస్టార్ట్ తర్వాత తానే మళ్లీ ఆన్ అవుతుంది, మీకేమో రెండు మూడు రీస్టార్టులు పడతాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉన్న కీని ముందే కాగితం మీద రాసుకోండి.

అడిగినవారు:
బతికించారు. రెయిడ్‌కి మార్చగానే విండోస్ వచ్చింది, ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశా. తర్వాత మీరు చెప్పిన వరసలోనే వెళ్లాను. అన్నట్టే కీ అడిగింది: 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఐదో గుంపులో 3 బదులు 8 కొట్టాను, నా దస్తూరీ పుణ్యమే. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ కనపడింది, ఉబుంటు కూడా ఎక్కింది.

కానీ ఉబుంటులోంచి విండోస్‌లోకి వస్తే గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తోంది. నేనింకేమైనా కెలికానా?

జవాబు 1:
లేదులెండి. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉబుంటు అనుకుంటుంది, స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొట్టి, విండోస్‌లో టైమ్ ఒకసారి సింక్ చేయండి.