సీడ్ పత్తి క్రాసింగ్‌కి బడి పిల్లలు, ఎవరికి చెప్పాలి?

నడిగడ్డ బిడ్డ:
మాది గద్వాల వైపు. హైబ్రిడ్ విత్తనం కోసం వేసే సీడ్ పత్తిలో క్రాసింగ్ (ఒక పువ్వు పుప్పొడిని చేత్తో ఇంకో పువ్వుకి అంటించే పని) మొదలైతే చాలు, ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు బడిలో కనబడరు. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున్నే పుప్పొడి రుద్దడం, అదీ మందు కొట్టిన చేలోనే. అడిగితే సొంత చేనే కదా అంటారు. చట్టం ఒప్పుకుంటుందా?

పంతులమ్మ:
ఒప్పుకోదండీ. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఇంటివాళ్లకి సాయం చేయొచ్చన్న మినహాయింపు బడి అయ్యాక, సెలవుల్లో మాత్రమే, ప్రమాదం లేని పనికే. పరాయి చేలో కూలికి పెట్టుకుంటే ఆ యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, ఒక్కోసారి రెండూ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పాలమూరు రైతు:
ఫోన్ చేయాల్సిందే, కానీ అసలు ముడి అడ్వాన్సు దగ్గరుంది. ఆర్గనైజర్, అంటే విత్తనాల కంపెనీకీ రైతుకీ మధ్య ఉండేవాడు, ముందే డబ్బిచ్చి రేటు ఖాయం చేసేస్తాడు, ఇక రైతు తగ్గించుకోగలిగేది కూలి ఒక్కటే, అందుకే పిల్లల మీద పడతారు. విత్తనాల కంపెనీని కూడా నిలదీయాలి.

పంతులమ్మ:
నిజమే. కానీ పిల్లల్ని బడికి తేవడమూ సాధ్యమే. పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్చే శాంతా సిన్హా గారి సంస్థ ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి, పనిలోంచి వచ్చిన పెద్ద పిల్లల్ని ముందు క్యాంపుల్లో చదివించి, వయసుకు తగ్గ క్లాసులో చేర్చింది. ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మీ ఊళ్లోనూ ఎవరు బడికి రావట్లేదో తెలిసేలా హాజరు పట్టీతోనే మొదలుపెట్టండి.

నడిగడ్డ బిడ్డ:
సరే మేడమ్, రేపే హెడ్మాస్టరు గారిని కలిసి పట్టీ అడుగుతాను.