గురువుగారి వయొలిన్ పోయింది, దొరికే ఛాన్స్ ఉందా?

శ్రుతితప్పింది:
మొన్న ప్రోగ్రామ్ అయ్యాక వయొలిన్ పెట్టె కారు వెనక సీట్లో పెట్టి పది నిమిషాలు లోపలికెళ్లొచ్చా, నిజంగా పదే, వచ్చేసరికి అద్దం పగిలుంది పెట్టె లేదు. గురువుగారు పోయేముందు నా చేతిలో పెట్టింది అది. అమ్మితే పెద్దగా రాదు, కొత్తది కొనుక్కో అంటున్నారు అందరూ, ఆ నాదం ఎక్కడ కొంటానండి? కంప్లైంట్ ఇస్తే సీరియల్ నంబర్ అడిగారు, చేత్తో చేసినదానికి నంబర్ ఎక్కడుంటుంది? ఇలా పోయినవి ఎవరికైనా దొరికాయా?

చెక్కపని:
నంబర్ లేకపోతే ఏం, చెక్క ఉందిగా. చెక్కలో చారలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. కెనడా ఆయన ర్యాండీ బాక్‌మన్ గిటార్ 1976లో టొరంటో హోటల్లో పోతే, పాత వీడియోల్లో చెక్కమీద కనబడ్డ చిన్న మచ్చ పట్టుకుని ఒక అభిమాని నెట్లో గాలించి గాలించి జపాన్‌లో ఒకాయన దగ్గరుందని పట్టేశాడు, 2022లో చేతికొచ్చింది. మీరూ పాత ఫొటోలు, వీడియోలు తవ్వండి, పైపలక, వెనకపలక, బిరడాల దగ్గర దెబ్బలు, ఏది కనబడినా సరే. రిపేర్ చేసేవాళ్లందరికీ పంపండి, ఎప్పుడో ఒకప్పుడు అది తీగలకో అతుకుకో వాళ్ల దగ్గరికి రావాల్సిందే.

ఉన్నమాట:
ఆశ మరీ పెట్టకండి బాబూ. రోమన్ టోటెన్‌బర్గ్ అనే వయొలిన్ విద్వాంసుడి స్ట్రాడివేరియస్ (ఇటలీలో స్ట్రాడివారి అనే ఆయన చేసిన పాతకాలపు వయొలిన్) 1980లో పోయింది, 2015లో దొరికింది, ఆయనేమో 2012లోనే పోయాడు. ఎవరో ఒకరి మీద ఆయనకి అనుమానం ఉండేదట కూడా, చివరికి అదే నిజమైంది.

రెండోకాలం:
ఇన్సూరెన్స్ ఉంటే ఒక్క మాట. మిన్ జిన్ కిమ్ అనే ఆవిడ 1696 నాటి వయొలిన్ 2010లో లండన్ యూస్టన్ స్టేషన్ దగ్గర తినడానికి కూర్చున్నప్పుడు కొట్టేశారు, 12 లక్షల పౌండ్లది, ఆ దొంగలు 100 పౌండ్లకి అమ్మబోయారు 😅 2013లో దొరికింది గానీ ఈలోపు క్లెయిమ్ డబ్బు తీసుకుని వేరేది కొనేసింది కాబట్టి అది కంపెనీది అయిపోయింది, ఆవిడ మళ్లీ కొనుక్కోలేకపోయింది. దొరికితే ఎవరిదో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

శ్రుతితప్పింది:
థాంక్సండి. ఇన్సూరెన్స్ లేదు, ఆ బాధా లేదు. రాత్రంతా ఫొటోలు తిరగేశా, ఒకదాంట్లో గురువుగారి ఉంగరం రాసుకుని మెడ పక్కన వార్నిష్ లేచిన చోటు క్లియర్‌గా పడింది. పొద్దున్నే పంపడం మొదలెట్టా.