గోల్డెన్‌ఐ 007కి 96 మార్కులు ఎలా వచ్చాయి? ఇప్పుడు ఆడితే చేతికి ఎక్కట్లేదు

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. నింటెండో స్విచ్‌లో గోల్డెన్‌ఐ పెట్టాను, అదే 1997లో నింటెండో 64 కన్సోల్‌కి వచ్చిన జేమ్స్ బాండ్ షూటింగ్ గేమ్. సమీక్షల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్‌లో 96, గేమ్‌స్పాట్ 9.8, ఐజీఎన్ 9.7, ఎడ్జ్ పత్రిక 9. ఇన్ని మార్కులు చూసి మొదలుపెడితే మొదటి లెవెల్ డ్యామ్‌లోనే గురి కుదరట్లేదు. పైకి చూడమంటే కిందికి చూస్తోంది. మూడు ప్రశ్నలు. ఒకటి, 1997లో విమర్శకులు దేన్ని చూసి అన్ని మార్కులు వేశారు? రెండు, ఇప్పుడు ఆడాలంటే ఏ వెర్షన్ మంచిది? మూడు, సినిమాకీ గేమ్‌కీ కథలో తేడా ఎంత? సంగీతం గురించి తెలిసినవాళ్లు అదీ చెప్పండి.

డల్లాస్‌మామ
తమ్ముడూ, తప్పు గేమ్‌ది కాదు, నీ సెట్టింగ్‌ది. స్టార్ట్ నొక్కితే బాండ్ చేతి గడియారం వస్తుంది కదా, అందులో కంట్రోల్స్‌కి వెళ్లు. 1.1 హనీ అనే బటన్ల అమరిక ఉన్నచోట 1.2 సాలిటేర్ పెట్టు. లుక్ అప్-డౌన్ అనేది రివర్స్‌లో ఉంటుంది, అప్‌రైట్ చెయ్యి. పైకీ కిందికీ తిరగబడే గొడవ అక్కడితో పోతుంది.

తర్వాత గేమ్ బయటికొచ్చి స్విచ్ సిస్టమ్ సెట్టింగ్స్, కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, చేంజ్ బటన్ మ్యాపింగ్. ఎడమ స్టిక్‌నీ కుడి స్టిక్‌నీ తారుమారు చెయ్యి. జెడ్‌ఆర్‌కి జెడ్‌ఎల్ పని ఇవ్వు, జెడ్‌ఎల్‌కి ఆర్ పని ఇవ్వు. ఇప్పుడు ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు, జెడ్‌ఆర్‌తో కాల్పు, జెడ్‌ఎల్‌తో గురి. ఈ మార్పు కన్సోల్ మొత్తానికి అంటుకుంటుంది. అందుకని ప్రీసెట్‌గా దాచుకుని, వేరే గేమ్ ఆడేముందు మామూలు మ్యాపింగ్‌కి మార్చుకో. లేకపోతే మారియోలో స్టిక్‌లు అడ్డదిడ్డంగా తిరుగుతాయి.

ఫ్రేమ్‌లెక్క
మామా, నువ్వు చెప్పిన మ్యాపింగ్ పనిచేస్తుంది, కాదనను. కానీ దాంతోనే ఈ గేమ్ చెడుతుంది. 1997 విమర్శకులు మార్కులు వేసింది పరిగెత్తుతూ కాల్చే గేమ్‌కి కాదు. గేమ్ చేసిన రేర్ కంపెనీ వాళ్లు దీన్ని మొదట సెగా వాళ్ల వర్చువా కాప్ గేమ్ లాగా, పట్టాల మీద నడిచే షూటర్‌గా మొదలుపెట్టారు. ఆ వాసన ఇంకా ఉంది. ఆర్ నొక్కిపట్టుకుంటే బాండ్ ఆగిపోతాడు, తెర కదలదు, గురి గుర్తు మాత్రం తెర మీద జారుతుంది. అలా పట్టుకునే పాత కంట్రోలర్‌లోని సీ బటన్లలో ఎడమది, కుడిది నొక్కితే గోడ పక్కనుంచి తొంగి చూస్తాడు. కింది సీ నొక్కితే కూర్చుంటాడు. అంటే ఆగు, తొంగి చూడు, తలకి గురిపెట్టు, కాల్చు. మామూలు నడకలో గురి సంగతి గేమే చూసుకుంటుంది, అదే ఆటో ఎయిమ్.

తల, చెయ్యి, కాలు, పొట్ట, తూటా ఎక్కడ తగిలితే గార్డు అక్కడ పట్టుకుని విలవిల్లాడతాడు. ఆ రోజుల్లో సమీక్షకులు పదేపదే మెచ్చుకున్న వాటిలో అదొకటి. రెండు స్టిక్‌లతో దూసుకుపోతే అది కంటికే కనపడదు. గోదారిగట్టు గారూ, హనీలోనే ఉండండి. అప్‌రైట్ ఒక్కటి మార్చుకుని రెండు గంటలు ఓపిక పట్టండి.

డల్లాస్‌మామ
ఓపిక పట్టమని ఎవరికైనా చెప్పొచ్చు. సాలిటేర్ 1997 క్యాట్రిడ్జ్‌లోనే ఉంది కదా. నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు. అదే ఏడాది మార్చిలో వచ్చిన ట్యూరాక్ అనే షూటర్‌లో డిఫాల్టే అది, స్టిక్‌తో చూపు, సీ బటన్లతో నడక. ట్యూరాక్ ఆడి వచ్చినవాళ్ల చేతికి సాలిటేరే అలవాటు. 2.1 నుంచి 2.4 దాకా ఉన్న సెట్టింగులు చూశావా? ప్లెంటీ, గలోర్, డొమినో, గుడ్‌హెడ్. ఒక్క మనిషి రెండు కంట్రోలర్లు పట్టుకోవాలి. రెండు స్టిక్‌లూ, రెండు జెడ్‌లూ చేతిలో ఉంటాయి. రెండు స్టిక్‌ల ఆలోచన రేర్ వాళ్లదే. అది గేమ్‌ని చెడగొట్టేదైతే వాళ్లెందుకు పెట్టారు?

ఫ్రేమ్‌లెక్క
పెట్టారు. పెట్టినంత మాత్రాన సమీక్షలు దాని మీద రాశారా? కన్సోల్‌కి ఉన్నవి నాలుగు పోర్టులు. ఒక్కొక్కరికి రెండు కంట్రోలర్లు అంటే ఇద్దరే ఆడగలరు, నలుగురి ఆట పోతుంది. ఇంటింటికీ హనీయే నడిచింది.

ట్రిగ్గర్‌శీను
నలుగురి ఆట అన్నారు కాబట్టి చెబుతున్నా. ఆడ్‌జాబ్ అనే పాత్రని తీసుకునేవాడితో ఆడకూడదు. పొట్టివాడు, ఆటో ఎయిమ్ తూటా తల మీదుగా పోతుంది. వాణ్ని కొట్టాలంటే ఆర్ పట్టుకుని కిందికి గురిపెట్టాలి, అంటే మనం ఆగిపోవాలి. ఆగినవాడు చచ్చాడు. తుపాకులు లేకుండా చేతి దెబ్బలే ఉండే స్లాపర్స్ ఓన్లీలో అయితే ఇంకా ఘోరం. దీన్ని ఏ సమీక్షా పట్టించుకోలేదు, అందరూ మల్టీప్లేయర్ అద్భుతం అని రాసేశారు.

విశాఖ64
ఆడ్‌జాబ్ నిషేధం అంటే చేతకానివాళ్ల మాట. గురి కిందికి దించడం ఒక్క వేలి పని. వాణ్ని తీసుకునేవాడికీ నష్టం ఉంది, మల్టీప్లేయర్ మ్యాప్ కాంప్లెక్స్‌లో కొన్ని చోట్ల ఎదురుగా ఏముందో పొట్టివాడికి కనపడదు.

ట్రిగ్గర్‌శీను
చేతకాదా? గోల్డెన్ గన్ పెట్టుకుని టెంపుల్ మ్యాప్‌లో వస్తారా? ఒక్క తూటా, ఒక్క చావు. అక్కడ మీటర్ ఎత్తు తేడానే ఆట మొత్తం. అది మోసమేనని గేమ్ చేసినవాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. ఇంకా వాదించేదేముంది?

పాతక్యాసెట్
కొట్టుకోకండి. మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

సినిమా వచ్చింది 1995 నవంబర్‌లో, గేమ్ వచ్చింది 1997 ఆగస్టులో. సినిమా గేమ్ అంటే సినిమా విడుదలకి అందేలా హడావిడిగా చుట్టేసిన సరుకు అని అప్పటి పత్రికల నమ్మకం. దీని మీద ఆశ లేకపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఇది రెండేళ్లు ఆలస్యంగా వస్తోంది, పైగా 1997 ఈత్రీ అనే గేముల ప్రదర్శనలో చూపించినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తక్కువ ఆశతో డబ్బా విప్పారు. లోపల చూస్తే ఇరవై లెవెళ్లు, కష్టాన్ని బట్టి ఏజెంట్, సీక్రెట్ ఏజెంట్, 00 ఏజెంట్ అని మూడు స్థాయులు. స్థాయి పెరిగేకొద్దీ గార్డులు గట్టిపడటమే కాదు, చెయ్యాల్సిన పనులూ పెరుగుతాయి. ఏజెంట్‌లో డ్యామ్ అంటే చివరికి పరిగెత్తి దూకెయ్యడమే. 00 ఏజెంట్‌కి వచ్చేసరికి అలారాలు పగలగొట్టాలి, మోడెమ్ పెట్టాలి, బ్యాకప్ డేటా పట్టుకోవాలి. ఒక్క లెవెల్‌ని మూడుసార్లు మూడు రకాలుగా ఆడించే ఈ పద్ధతి ఒకే లెవెల్‌లో వేర్వేరు పనులకి నక్షత్రాలిచ్చే మారియో 64 నుంచి వచ్చింది. అప్పటిదాకా షూటర్ అంటే రంగు తాళంచెవులు వెతికి తలుపు తీయడం. ఇక్కడ శబ్దానికి గార్డులు వస్తారు, సైలెన్సర్ తుపాకీతో కాలిస్తే రారు. స్నైపర్ జూమ్‌తో దూరంనుంచి తల కొట్టొచ్చు. పేరుమోసిన షూటర్ హాఫ్-లైఫ్ రావడానికి ఇంకా ఏడాదికి పైనే ఉంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి, మందుపెట్టెలు లేవు. కవచం దొరుకుతుంది కానీ పోయిన ప్రాణం తిరిగి రాదు. అందుకే ప్రతి మలుపు దగ్గరా భయం పుడుతుంది.

ఆ ఏటి మేటి గేమ్‌గా అమెరికా వాళ్ల ఇంటరాక్టివ్ అచీవ్‌మెంట్ అవార్డు, 1998లో బ్రిటన్ వాళ్ల బాఫ్టా రెండూ దీనికే వచ్చాయి. 80 లక్షలకి పైగా అమ్ముడైంది.

ఫ్రేమ్‌లెక్క
అంతా నిజమే, కానీ సమీక్షకులు ఒకటి చూసీచూడనట్టు వదిలేశారు. ఫ్రేములు, అంటే సెకనుకి తెర మీద మారే బొమ్మలు. నాలుగు ముక్కల తెరలో రెండు గ్రెనేడ్లు ఒకేసారి పేలితే సెకనుకి 15 ఫ్రేముల కంటే కిందికి పడిపోతుంది. ఆ మాటని ఓ వాక్యంలో రాసి 9.7 వేశారు. ఇవాళ ఏ గేమ్‌కైనా అలా జరుగుతుందా?

నిమ్మసోడా
పాత నింటెండో 64కి అదనపు మెమరీ ఇచ్చే ఎక్స్‌పాన్షన్ ప్యాక్ పెడితే ఫ్రేములు పెరుగుతాయి కదా?

స్క్రూడ్రైవర్
పెరగవు. గోల్డెన్‌ఐ ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌ని అసలు వాడుకోదు. అది కావాల్సింది 2000లో అదే రేర్ చేసిన పర్ఫెక్ట్ డార్క్‌కి. ఈ అపోహతో చాలామంది డబ్బు తగలేస్తున్నారు.

పాత క్యాట్రిడ్జ్ కొనేవాళ్లకి ఇంకో మాట. సేవ్ నిలవట్లేదు, బ్యాటరీ అయిపోయింది అని అమ్మకందారులు చెబుతుంటారు. గోల్డెన్‌ఐలో బ్యాటరీ లేదు, సేవ్ బ్యాటరీ అక్కర్లేని ఈఈప్రామ్ చిప్‌లో ఉంటుంది. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ మొనతో విప్పి చూడండి. లోపల గుండ్రటి బ్యాటరీ కనిపిస్తే అది అసలు బోర్డు కాదు, నకిలీ. లోపలికి నోటితో ఊదొద్దు, తడి తగిలి కాంటాక్టులు నల్లబడతాయి. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, పిన్నుల పొడవునా రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి.

గురి కుదరట్లేదు అన్నవాళ్లు అసలు కన్సోల్ మీద ఆడుతుంటే ముందు స్టిక్ చూసుకోవాలి. స్టిక్ అడుగున ప్లాస్టిక్ గిన్నె అరిగి తెల్లటి పొడి రాలుతుంది. వేలు తీసేస్తే స్టిక్ నిటారుగా నిలవక వాలిపోతుంది. ఆన్ చేసే క్షణంలో స్టిక్ ఎక్కడుంటే కన్సోల్ దాన్నే మధ్య అనుకుంటుంది, అప్పుడు చెయ్యి తగిలితే బాండ్ వాడంతట వాడే తిరుగుతుంటాడు. ఎల్, ఆర్, స్టార్ట్ మూడూ కలిపి నొక్కితే మధ్య మళ్లీ సరిచేసుకుంటుంది. గిన్నె అరిగిపోతే మాత్రం దానికి ఏ సెట్టింగూ మందు కాదు, మార్చాల్సిందే.

డ్యామ్53
ఫ్రేములు పడిపోవడం లోపం అని తేల్చేస్తున్నారు. దాన్ని గెలిచేవాళ్లు ఉన్నారు. రికార్డుల కోసం ఆడేవాళ్లు ఎందుకు నేల చూస్తూ పరిగెత్తుతారో తెలుసా? తెర మీద గీయాల్సింది తగ్గితే ఫ్రేములు పెరుగుతాయి. దానికి తోడు ముందుకీ పక్కకీ ఒకేసారి నొక్కి ఐమూలగా పరిగెత్తితే నేరుగా పరిగెత్తినదానికంటే వేగం. డ్యామ్ ఏజెంట్‌లో 53 సెకన్ల రికార్డు పదిహేనేళ్ల పాటు ఎవరూ కదిలించలేకపోయారు. 2017 డిసెంబర్‌లో కార్ల్ జాబ్స్ట్ 52 కొట్టాడు. ఒక్క సెకను! ఇరవై ఏళ్లు జనం ఇంకా తవ్వుతున్నారంటే 96 తక్కువే.

ఇక్కడ ఫెసిలిటీ లెవెల్‌ని టైములోపు ముగిస్తే వచ్చే ఇన్విన్సిబుల్ (చావు లేని) చీట్ కోసం ఎవరైనా కష్టపడుతుంటే అడగండి. 00 ఏజెంట్‌లో 2 నిమిషాల 5 సెకన్లు. నాకు ఈ లెవెల్ అంగుళం అంగుళం తెలుసు.

విశాఖ64
అడుగుతున్నా. 2:20 దగ్గర ఆగిపోతోంది.

డ్యామ్53
ఆ లెవెల్లో కలవాల్సిన డాక్టర్ డోక్ దగ్గర పోతుంటుంది నీ టైము. ఆ మనిషి ప్రతిసారీ వేరే చోట నిలబడతాడు, చోటు గేమే యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ల్యాబ్ దగ్గరికి వచ్చాక దారిలో కనిపించకపోతే వెతక్కు, వెంటనే ఆపేసి మళ్లీ మొదలుపెట్టు. వెతికితే పదిహేను సెకన్లు పోతాయి. డోక్ తలుపు తీసే డీకోడర్ ఇచ్చాక బాట్లింగ్ రూమ్‌లో తోటి ఏజెంట్ ట్రెవెల్యాన్‌ని కలువు. తర్వాత ట్యాంకులకి రిమోట్ మైన్లు అంటించు. పేల్చడానికి గడియారం తీయక్కర్లేదు, ఏ, బీ రెండూ కలిపి నొక్కితే చాలు. కన్వేయర్ వైపు పరిగెత్తుతూనే నొక్కు. ఒక్కటే జాగ్రత్త, తెల్లకోటు శాస్త్రవేత్తలు అడ్డంగా పరిగెత్తుతారు. వాళ్లు ఎక్కువమంది చస్తే లక్ష్యం విఫలం, టైము వచ్చినా చీట్ రాదు.

పాతక్యాసెట్
ఆ డోక్ అసలు మనిషి, డేవిడ్ డోక్, గేమ్ బృందంలో డిజైనర్. గార్డుల ముఖాలు కూడా రేర్ ఉద్యోగుల ఫోటోలే.

ట్రిగ్గర్‌శీను
విశాఖ64 గారు టెంపుల్‌కి వస్తారా లేదా చెప్పలేదు.

విశాఖ64
స్విచ్‌లో ఆన్‌లైన్ ఉంది, వస్తా. మీకు నచ్చిన తుపాకీ. ఆడ్‌జాబ్‌ని నేను తీసుకోను, మీరు తీసుకోండి.

డల్లాస్‌మామ
రెండో ప్రశ్నకి సూటిగా. 2023 జనవరి 27న స్విచ్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ ఒకేరోజు వచ్చింది. ఎక్స్‌బాక్స్‌లో బొమ్మ 4కెలో, ఫ్రేములు నిలకడగా, రెండు స్టిక్‌లు ముందే అమర్చి ఉంటాయి. ఆన్‌లైన్ లేదు, ఒక్క తెర ముందు కూర్చునే ఆడాలి. స్విచ్‌లో ఆన్‌లైన్ ఉంది, మ్యాపింగ్ మనమే చేసుకోవాలి, నింటెండో ఆన్‌లైన్ సేవలో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అనే చందా కట్టాలి (పైన చెప్పిన మెమరీ ప్యాక్ వేరు). ఒంటరిగా ఆడేవాడికి ఎక్స్‌బాక్స్, దూరాన ఉన్న బావమరిదితో ఆడేవాడికి స్విచ్.

ఫ్రేమ్‌లెక్క
ఎక్స్‌బాక్స్‌లో ఆ నిలకడ ఫ్రేములతో, రెండు స్టిక్‌లతో ఏజెంట్ స్థాయి ఒక పూటలో అయిపోతుంది. తర్వాత గేమ్ చిన్నది, తేలిక అని రాస్తారు. ఇప్పటి సమీక్షల్లో సగం ఆ బాపతే. కనీసం సీక్రెట్ ఏజెంట్‌లో మొదలుపెట్టండి.

డల్లాస్‌మామ
ఆ ఒక్కమాట ఒప్పుకుంటా. సీక్రెట్ ఏజెంట్‌లోనే మొదలుపెట్టాలి. అన్నీ ఆ స్థాయిలో పూర్తిచేస్తేనే అజ్టెక్ అనే అదనపు లెవెల్ తెరుచుకుంటుంది, ఇంకో అదనపు లెవెల్ ఈజిప్షియన్‌కి 00 ఏజెంట్ కావాలి.

గోదారిగట్టు
అప్‌రైట్ పెట్టగానే సగం బాధ తీరింది, థాంక్స్ మామా. సాలిటేర్, హనీ రెండూ చూస్తాను. సినిమా సంగతి?

పాతక్యాసెట్
గేమ్ బృందం సినిమా తీసిన లీవ్స్‌డెన్ స్టూడియోకి వెళ్లి సెట్లు చూసి, ఫోటోలు, నక్షాలు తెచ్చుకుంది. ఆర్కైవ్స్ లాంటి లెవెళ్లలో ఆ గదుల కొలతలు తెలుస్తాయి. ముందు చోటు కట్టి, తర్వాత అందులో ఏం చెయ్యాలో ఆలోచించారు. అందుకే చాలా గదుల్లో ఏమీ ఉండదు, నిజం భవనంలో ఉన్నట్టు. సినిమాలో బాండ్ రష్యాలోని సెవెర్నాయా స్థావరానికి వెళ్లనే వెళ్లడు, ఉపగ్రహ చిత్రాల్లో చూస్తాడు. గేమ్‌లో మాత్రం అక్కడ జరిగే సర్ఫేస్, బంకర్ లెవెళ్లు రెండేసిసార్లు ఆడిస్తారు. సైలో లెవెల్ కూడా సినిమాలో లేదు. ట్రైన్‌లో గడియారం లేజర్‌తో నేల కోసే ఘట్టం మటుకు సినిమాదే. గేమ్‌లో అక్కడ శత్రువుగా మారిన ట్రెవెల్యాన్ పెట్టిన టైమర్ నడుస్తుండగా బాండ్‌తో ఉన్న నటాల్యా కంప్యూటర్ దగ్గర ఉంటుంది, నేల కోయడం అయ్యాకా ఆమె పాస్‌వర్డ్ చెప్పేదాకా ఆగి దిగాలి.

విశాఖ64
ఫెసిలిటీ 2:09 వచ్చింది! డోక్ ఎదురుగానే దొరికాడు. ఆ నాలుగు సెకన్లు ఎక్కడ తగ్గించాలి, డ్యామ్53?

డ్యామ్53
మొదట్లో గాలిగొట్టం దిగాక టాయిలెట్‌లో ఉన్న గార్డులందర్నీ చంపుతున్నావా? వదిలెయ్. తలుపు తీసి నేల చూస్తూ పరిగెత్తు.