ఓడలో ఒక సెమిస్టర్: వెళ్లినవారు, పిల్లల్ని పంపినవారు చెప్పండి

డల్లాస్_అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. వచ్చే వసంతంలో ‘సెమిస్టర్ ఎట్ సీ’ ఓడ ఎక్కుతానని పట్టుబట్టింది. మూడు నెలలకు పైగా ఓడలోనే ఉండి, అక్కడే పాఠాలు వింటూ దేశాలు చూసి వస్తుందట. మావారు ‘అది షికారే కానీ చదువు కాదు’ అంటున్నారు. గుంటూరులో మా అత్తగారు సముద్రం పేరు వినగానే వద్దంటే వద్దన్నారు. పిల్ల ముఖంలో ఆ ఆశ చూశాక కాదనడానికి నాకు నోరు రావడం లేదు. భద్రత, ఖర్చు, తిండి, క్రెడిట్లు (పట్టాకు లెక్కలోకి వచ్చే కోర్సు పాయింట్లు), ఏది తెలిసినా ఉన్నదున్నట్టు చెప్పండి.

చెన్నై_రేవు:
అక్కా, నేను ‘ఎక్స్‌ప్లోరర్’ ఓడ తిరిగిన రోజుల్లో వెళ్లాను. అప్పుడు క్రెడిట్లు వర్జీనియా విశ్వవిద్యాలయం ఇచ్చేది. 2016 నుంచి ఆ బాధ్యత కొలరాడో స్టేట్ యూనివర్సిటీది. ఓడ కూడా మారింది, 2015 నుంచి ‘వరల్డ్ ఒడిస్సీ’ నడుస్తోంది. పద్ధతి మాత్రం అదే. ఓడ సముద్రం మీద ఉన్నప్పుడు తరగతులు, రేవులో ఆగినప్పుడు సెలవు. నడిసముద్రంలో శనివారం, ఆదివారం అని చూడరు. పరీక్షలు, వ్యాసాలు, హాజరు అన్నీ ఉంటాయి. ప్రతి కోర్సుకూ ఏదో ఒక రేవులో ఆ అధ్యాపకుడితోనే గడిపే ఒక రోజు క్షేత్ర పాఠం ఉంటుంది, అది తప్పించుకోవడానికి వీల్లేదు, దానికీ మార్కులుంటాయి.

బావగారి సందేహం నాకు అర్థమవుతుంది. ఫొటోల్లో కనిపించేవి రేవులే కదా. నన్ను మార్చినవి మాత్రం రెండు రేవుల మధ్య రోజులు. ఋతుపవనాల మీద ఆధారపడిన పాత వర్తకం గురించి హిందూ మహాసముద్రం దాటుతూ విన్నాను. ఆ సాయంత్రమే అదే ప్రొఫెసర్ భార్యాపిల్లలతో మా బల్ల దగ్గరే కూర్చుని అన్నం తిన్నారు, పాఠం అక్కడా సాగింది. ఒడ్డున ఏ కాలేజీలోనూ నాకు అంత చనువు దొరకలేదు. దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు లాంటి వారు విద్యార్థులతో పాటు ప్రయాణించిన సెమిస్టర్లు కూడా ఉన్నాయి.

మా ఓడ చెన్నైలో ఆగింది. మా అమ్మమ్మ, తాతయ్య నెల్లూరు నుంచి రైల్లో వచ్చి రేవు గేటు బయట ఎండలో నిలబడ్డారు. పాస్ లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి ఓడ వాళ్లకు దూరం నుంచే కనిపించింది. నాతో పాటు దిగిన నలుగురు స్నేహితులనూ తాతయ్య భోజనానికి తీసుకెళ్లారు. ఇప్పుడు ఇండియా వచ్చే యాత్రలు ఎక్కువగా కొచ్చిలో ఆగుతున్నాయి. మీ అమ్మాయి యాత్రలో కొచ్చి ఉంటే, వీలైతే అత్తగారిని అక్కడికి రమ్మనండి.

ఇంజన్_గది:
నాది విశాఖ, సరకు నౌకల్లో మెరైన్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. సముద్రం గురించి మీ అత్తగారి భయం అర్థం లేనిది కాదమ్మా. 2005 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో ఆ ‘ఎక్స్‌ప్లోరర్’నే ఒక పెద్ద అల కొట్టింది. ఓడ నడిపే గది (బ్రిడ్జి) అద్దాలు పగిలాయి, నీరు చేరి పరికరాలు దెబ్బతిన్నాయి, ఇంజన్లు ఆగాయి. కొందరికి గాయాలయ్యాయి, కానీ ప్రాణాలు పోలేదు. ఓడ హోనలూలూ చేరింది. జనవరిలో ఉత్తర పసిఫిక్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, కాబట్టి దారి ఎటు, ఏ నెలలో అన్నది తప్పక చూడండి.

కడుపు తిప్పడం మొదటి వారం మామూలే. క్యాబిన్ ఎంచుకునే అవకాశం ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది డెక్ తీసుకోమనండి, ఊపు అక్కడ తక్కువ. మాత్ర వాంతులు మొదలయ్యాక కాదు, సముద్రం రేగక ముందే వేసుకోవాలి. డెక్ మీదకు వచ్చి దిగంతం వైపు చూస్తూ నిలబడితే చాలామందికి తేలికపడుతుంది.

నా అసలు భయం మాత్రం రోడ్డు గురించి. 1996 మార్చిలో ఈ కార్యక్రమం విద్యార్థులు మన దేశంలో ఆగ్రా వెళుతుండగా రాత్రిపూట బస్సు బోల్తా పడి నలుగురు అమ్మాయిలు చనిపోయారు. ఓడ మీద కెప్టెన్ ఉంటాడు, నియమాలుంటాయి, డ్రిల్లులుంటాయి. ఒడ్డున మీ అమ్మాయి నిర్ణయమే ఉంటుంది. రాత్రి రోడ్డు ప్రయాణాలు, అద్దె మోటారు సైకిళ్లు వద్దని ఆమె దగ్గర మాట తీసుకోండి.

లెక్కల_నాన్న:
మా అబ్బాయి 2019లో వెళ్లివచ్చాడు. ఫీజు క్యాబిన్‌ను బట్టి మారుతుంది. కిటికీ లేని లోపలి గదిలో ముగ్గురు ఉంటే తక్కువ, కిటికీ ఉన్న గదిలో ఇద్దరైతే ఎక్కువ. చదువు, గది, భోజనం అందులోకే వస్తాయి. ఓడ బయలుదేరే రేవుకు విమానం, చివరి రేవు నుంచి ఇంటికి విమానం, వీసాలు, టీకాలు, ఒడ్డున తిరుగుళ్లు అన్నీ విడిగా లెక్కేసుకోవాలి. మా బడ్జెట్ దాటింది ఆ తిరుగుళ్లలోనే. రేవుకు ఇంత అని ముందే రాసుకుని ఇవ్వండి. ఫీజులో సాయానికి స్కాలర్‌షిప్పులున్నాయి, ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టాలి.

ఇక క్రెడిట్లు. మామూలుగా 12 నుంచి 15 వరకు తీసుకుంటారు. ప్రతి కోర్సుకూ మీ అమ్మాయి కాలేజీ నుంచి ముందే రాతపూర్వకంగా ఆమోదం తీసుకోండి, నోటిమాట నమ్మవద్దు. ఇంజినీరింగ్ ల్యాబులు ఓడలో దొరకవు. మావాడు మానవీయ శాస్త్రాల ఎలెక్టివ్‌లన్నీ (తనకు నచ్చినవి ఎంచుకునే కోర్సులు) దాచుకుని అక్కడ పూర్తి చేశాడు కాబట్టి పట్టా ఆలస్యం కాలేదు.

ఒక పని చేయండి. దేశాల జాబితా పక్కన పెట్టి, కోర్సుల జాబితా అమ్మాయి చేతికివ్వండి. అది చదివి కూడా కళ్లు మెరిస్తే పంపండి. ప్రకటించిన రేవులన్నీ చూస్తామన్న హామీ లేదు. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. 2020 వసంతంలో కోవిడ్ వచ్చి ఆ యాత్రే మధ్యలో ఆగిపోయింది.

పాత_ఓడలు:
షికారు అనే మాటకు ఒక్క సంగతి చెప్పాలనిపించింది. ఓడలో కాలేజీ నడపాలన్న ఆలోచన వందేళ్ల నాటిది. 1926లో ‘రిండామ్’ అనే ఓడ సుమారు 500 మంది విద్యార్థులతో న్యూయార్క్ దగ్గరి నుంచి భూమి చుట్టి రావడానికి బయలుదేరింది. ఇప్పటి కార్యక్రమం మూలాలు 1963లో ఉన్నాయి. హాంకాంగ్ నౌకా వ్యాపారి సి.వై. టంగ్‌కు దీని మీద ఎంత ప్రేమంటే, 1970లో ‘క్వీన్ ఎలిజబెత్’ అనే భారీ ప్రయాణికుల ఓడనే కొని, తేలే విశ్వవిద్యాలయంగా మార్చే పని మొదలుపెట్టారు. 1972 జనవరిలో హాంకాంగ్ రేవులో అది తగలబడిపోయింది. ఆయన అంతటితో వదిలేయలేదు, ఇంకో చిన్న ఓడను విద్యార్థుల కోసం నడిపించారు. అంత పోగొట్టుకున్నాక కూడా కొనసాగించారంటే ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కుతాను.

డల్లాస్_అమ్మ:
అందరికీ వేల దండాలు. ఆగ్రా సంగతి చదివి గుండె బరువెక్కింది, కానీ తెలియడమే మంచిది. కోర్సుల జాబితా ఈ రాత్రే ఇస్తాను. అమ్మాయి మాంసం తినదు, అది చెప్పడం మరిచాను.

చెన్నై_రేవు:
శాకాహారం దొరుకుతుంది, కానీ పాస్తా, బంగాళాదుంపలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. గదిలో కుక్కర్లు, హీటర్లు పెట్టనివ్వరు, అగ్నిప్రమాద నియమాలు గట్టివి. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి సీలు వేసిన ప్యాకెట్లలో ఇవ్వండి. వాటిని రేవుల్లో కిందకు తీసుకెళ్లకూడదు, చాలా దేశాలు తినుబండారాలను ఒప్పుకోవు. ఇంకొకటి, ఓడ బయలుదేరే ముందు తిరిగి ఎక్కాల్సిన గడువు చెబుతారు. ఆలస్యమైతే తరువాతి రేవులో కొన్ని గంటలు దిగనివ్వరు, దాన్ని ‘డాక్ టైమ్’ అంటారు. మరీ ఆలస్యమైతే ఓడ ఆగదు, తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి.

ఎఫ్1_విద్యార్థి:
నాలా భారత పాస్‌పోర్టు మీద చదివేవారికి రెండు మాటలు. మొదట కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లండి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం, తిరిగొచ్చే రోజుకు చెల్లుబాటయ్యే ఎఫ్-1 (విద్యార్థి) వీసా, రెండూ ఉండాలి. దేశం బయట 5 నెలలు దాటితే చిక్కులు వస్తాయి, ఈ యాత్ర ఆ లోపే ముగుస్తుంది. అమెరికా పాస్‌పోర్టు స్నేహితులకు వీసా అక్కర్లేని చాలా దేశాలకు మనకు కావాలి, కాబట్టి నెలల ముందే మొదలుపెట్టాలి.

ఘనా లాంటి దేశాలుంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. వేయించుకున్న 10 రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది. సెలవులకు హైదరాబాద్ వచ్చేవారికి నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మీ అమ్మాయికి ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతి వారికిచ్చే) కార్డు ఉంటే కొచ్చిలో దిగడానికి వేరే వీసా అక్కర్లేదు, కార్డు మాత్రం వెంట ఉండాలి.

ఇంజన్_గది:
అత్తగారి కోసం ఒక ఉపాయం అమ్మా. ఓడలు ఎక్కడున్నాయో చూపించే వెబ్‌సైట్లున్నాయి, పేరు కొడితే పటం మీద కనిపిస్తుంది. ఆమె ఫోనులో పెట్టి ఇవ్వండి. ఒడ్డుకు దూరమైతే ఉచిత సైట్లలో ఆ గుర్తు రోజుల తరబడి కదలదు, ఒడ్డున ఉండే రిసీవర్లకు ఓడ సంకేతం అందక అలా అవుతుంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంచండి.