మిరిస్టిక్ తోక ఒక్కటే ఉంటే ప్రోటీన్ పొరలో నిలుస్తుందా?

తార్నాక, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ:
సోమవారం నా సెమినార్, టెన్షన్‌గా ఉంది. సార్క్ (Src, కణంలో సంకేతాలు పంపే ఎంజైము) ప్రోటీన్ మొదటి కొసన ఉన్న గ్లైసీన్ అనే అమైనో ఆమ్లానికి 14 కార్బన్ల కొవ్వు తోక, అంటే మిరిస్టిక్ ఆమ్లం, అతుక్కుంటుంది కదా. ప్రోటీన్‌ను కణ పొరకు పట్టి ఉంచడానికి అంత చిన్న తోక సరిపోతుందా?

హబ్సిగూడ, పీహెచ్‌డీ:
ఒంటరిగా సరిపోదమ్మా. పొరలోకి దిగుతుంది, కాసేపటికే ఊడి వస్తుంది. రెండో పట్టు కావాలి. సార్క్‌లో ఆ పక్కనే ఉన్న లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల ధనావేశం పొర లోపలి వైపు రుణావేశ లిపిడ్లను (కొవ్వు అణువులను) పట్టుకుంటుంది. హెచ్-రాస్ అనే ఇంకో సంకేత ప్రోటీన్ దారి వేరు: 15 కార్బన్ల ఫార్నెసిల్ అనే లిపిడ్ తోకకు తోడు, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల మీద 16 కార్బన్ల పామిటేట్ అనే ఇంకో కొవ్వు తోక. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పామిటేటే. దాన్ని సిస్టీన్‌లోని గంధకానికి కట్టేది థయోఎస్టర్ బంధం. ఎంజైములు తెంపుతాయి, మళ్లీ కడతాయి. అందుకే హెచ్-రాస్ గాల్జీకీ (కణం లోపల ప్రోటీన్లను సర్ది పంపే భాగం) కణ పొరకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. సెమినార్‌లో ఎక్కువ సేపు దీని మీదే మాట్లాడు.

తార్నాక:
థాంక్స్ అక్కా! ప్రోటీన్లను పొరకు కట్టే జీపీఐ అనే లిపిడ్ లంగరు కూడా ఇలాగేనా?

పంజాగుట్ట, ల్యాబ్ టెక్నీషియన్:
అది కణం బయటి వైపు ఉంటుందండి. రక్త మూలకణంలో జీపీఐ తయారీకి కావలసిన పిగ్-ఏ జన్యువు పాడైతే జీపీఐ తయారు కాదు, ఎర్రకణాల మీద వాటిని కాపాడే సీడీ55, సీడీ59 ప్రోటీన్లు నిలవవు. అప్పుడు మన కాంప్లిమెంట్ వ్యవస్థే (రక్తంలోని రక్షణ ప్రోటీన్ల గుంపు) ఆ ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ జబ్బే పీఎన్‌హెచ్ (పెరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా). మేం ఫ్లో సైటోమెట్రీలో (కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా చూసే పరీక్షలో) వెతికేది ఈ లోటునే.